థెరపీ గదిలో అమ్మాయి ఏం మాట్లాడుతోందో మాకు తెలియదు. ఇంట్లో మేము చేయవలసింది ఏమిటి?

అడిగినవారు: ఎదురుచూపు

మా అమ్మాయికి పదమూడేళ్లు. కొన్ని నెలలుగా బడి ఉన్న రోజు తెల్లవారితే చాలు, కడుపునొప్పి అంటోంది. పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, శరీరంలో ఏ లోపమూ లేదని, అలాగని పిల్ల నటించడమూ లేదని, ఆందోళన వల్ల కూడా నిజమైన నొప్పే వస్తుందని చెప్పి, పిల్లలకు థెరపీ చేసే ఒక సైకాలజిస్టు దగ్గరకు పంపించారు. సెలవు రోజుల్లో నొప్పి ఉండదు. సెలవు ముగిసే రోజు సాయంత్రానికి ముఖం వాడిపోతుంది, రాత్రి నిద్ర పట్టదు, పొద్దున యూనిఫాం వేసుకుని, ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని మంచం అంచున అలాగే కూర్చుండిపోతుంది. సరే, ఈ రోజుకు వెళ్లవద్దులే అని మేము అన్న పావుగంటకల్లా మామూలుగా తిరుగుతుంది.

థెరపీ వారానికొకసారి జరుగుతోంది. మొదటి రోజున సైకాలజిస్టు మా ముగ్గురినీ కూర్చోబెట్టి, అమ్మాయి తనతో చెప్పే మాటలు తన దగ్గరే ఉంటాయని, ఆమె ప్రాణానికి గానీ భద్రతకు గానీ ముప్పు ఉందనిపిస్తే మాత్రం మాకు తప్పకుండా చెబుతానని స్పష్టంగా చెప్పారు. అప్పుడు తల ఊపాం గానీ, ఇప్పుడు బయట కుర్చీలో కూర్చుని ఆ మూసిన తలుపు వైపు చూస్తుంటే మనసు నిలవడం లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఏం మాట్లాడుకున్నారని అడిగితే "ఏం లేదు" అంటుంది. ఒకసారి మాత్రం ఒక కాగితం తెచ్చింది. అందులో మనిషి ఆకారం గీసి, పొట్ట దగ్గర ఎరుపు, గొంతు దగ్గర నారింజ రంగు పూసి ఉన్నాయి. ఇలా బొమ్మలకు రంగులు వేయించడం కూడా వైద్యమేనా అన్న సందేహం కలిగింది.

బడి మానడం తగ్గలేదు. నిజానికి ఈ రెండు వారాల్లో కాస్త పెరిగింది. పరాయి మనిషికి చెప్పుకునేదేదో కన్నవాళ్లకే చెప్పుకోవచ్చు కదా, ఇది ఆపేయండి అని ఇంట్లో పెద్దవారు అంటున్నారు. మందులు వాడితే త్వరగా తగ్గుతుందని ఇంకొకరు అంటున్నారు. లోపల ఏం జరుగుతోందో తెలియనప్పుడు అది పనిచేస్తోందో లేదో మేము ఎలా తెలుసుకోవాలి? గది బయట కూర్చోవడం తప్ప మాకు వేరే పని లేదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: చిన్నారిమనసు

నేను పిల్లలతో, టీనేజీ వారితో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టును. మీ అమ్మాయిని నేను చూడలేదు కనుక ఆమె విషయంలో నిర్ణయం చెప్పడం సరికాదు. అయితే ఇలాంటి చికిత్స ఎలా సాగుతుందో, అందులో మీ స్థానం ఏమిటో చెప్పగలను. గది బయట కూర్చోవడం కంటే చాలా పెద్ద పని మీ చేతిలో ఉంది.

ముందుగా గోప్యత గురించి. పదమూడేళ్ల పిల్ల తన భయాన్ని మొదటిసారి పూర్తి మాటల్లో పెట్టాలంటే, ఆ మాటలు సాయంత్రానికి ఇంట్లో చర్చకు రావన్న నమ్మకం ఆమెకు ఉండాలి. ప్రాణహాని, ఎవరైనా ఆమెను హింసించడం లేదా లైంగికంగా వేధించడం, ఆమె వల్ల ఇంకొకరికి ప్రమాదం కలగడం వంటి పరిస్థితుల్లో ఈ గోప్యత వర్తించదు. చట్టపరమైన వివరాలు దేశాన్ని బట్టి మారినా, ఈ మూల సూత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. మీ సైకాలజిస్టు దీన్ని మొదటి రోజే అందరి ఎదుటా చెప్పారంటే అది మంచి పద్ధతి. కానీ అమ్మాయి చెప్పే మాటలు వేరు, చికిత్స సాగుతున్న దారి వేరు. మొదటిదాన్ని మీరు అడగకూడదు, రెండోదాన్ని తప్పకుండా అడగాలి. ఈ ఇబ్బందిని మీరు ఏమని అర్థం చేసుకున్నారు, ఏ పద్ధతి అనుసరిస్తున్నారు, రెండు నెలల తర్వాత ఏ మార్పు కనిపిస్తే ఇది పనిచేస్తోందని అనుకుంటారు, ఆ మార్పును ఎలా కొలుస్తారు, ఇంట్లో మేము ఏం చేయాలి, ఏం మానుకోవాలి అని అడిగితే ఏ మంచి థెరపిస్టూ నొచ్చుకోరు. ఈ ప్రశ్నలకు సమాధానం రాకపోతే అప్పుడు మీ అనుమానానికి ఆధారం ఉన్నట్టు.

ఇక ఆ కాగితం విషయం. అది కాలక్షేపం కాదు. ఆందోళన పెరిగేటప్పుడు శరీరంలో అడ్రినలిన్ అనే హార్మోను ఎక్కువై గుండె వేగంగా కొట్టుకుంటుంది, గొంతు బిగుసుకుంటుంది, జీర్ణవ్యవస్థ పని తీరు మారి కడుపులో నొప్పి, వికారం మొదలవుతాయి. పిల్లలు ఆ స్థితిని "నాకు భయంగా ఉంది" అని గుర్తించరు, "కడుపు నొస్తోంది" అని మాత్రమే గుర్తిస్తారు. భయం శరీరంలో ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో గుర్తుపట్టడం నేర్చుకుంటే, అది ముదిరేలోపే ఏదైనా చేయగలిగే వ్యవధి దొరుకుతుంది. ఇంకా చిన్న పిల్లలైతే మాటల కంటే ఆటే వారి భాష. అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1940ల్లో ఆట ద్వారా చేసే థెరపీకి ఒక క్రమమైన రూపం ఇచ్చారు. ఇప్పటికీ చిన్న పిల్లల థెరపిస్టుల గదుల్లో బొమ్మలు, ఇసుక, రంగులు కనిపించడానికి ఆ సంప్రదాయం కూడా ఒక కారణం.

ఆందోళనకు చేసే చికిత్సలో అసలైన భాగం దీని తర్వాత వస్తుంది. భయం వేసిన చోటి నుంచి తప్పుకున్న ప్రతిసారీ పిల్లకు గొప్ప ఉపశమనం కలుగుతుంది, ఆ ఉపశమనమే భయానికి బలం ఇస్తుంది. ఎందుకంటే, "వెళ్లి ఉంటే ఏదో జరిగేది, వెళ్లలేదు కనుక బతికిపోయాను" అన్న లెక్క మనసులో స్థిరపడుతుంది. వెళ్లినా ఏమీ జరగకపోవచ్చన్న సంగతి తెలుసుకునే అవకాశమే రాదు. ఈ ముడిని విప్పే దారి చాలా పాతది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త కుందేలంటే బెదిరిపోయే మూడేళ్ల లోపు బాబుతో చేసిన పనిని ప్రచురించారు. బాబు ఇష్టంగా తింటున్న సమయంలో కుందేలును గదికి ఆ చివర ఉంచి, అతను ఓర్చుకున్న మేరకే దగ్గరకు తెస్తూ వచ్చారు. చివరకు అతను దాన్ని చేత్తో నిమిరాడు. ఈనాటి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే ఆలోచననూ ప్రవర్తననూ కలిపి సరిచేసే పద్ధతిలో, పెద్ద పిల్లలకు అదే పనిని వారి అంగీకారంతో, వారే తయారుచేసుకున్న మెట్ల పట్టికతో చేయిస్తారు. సెలవు రోజున బడి గేటు దాకా నడిచి రావడం ఒక మెట్టు కావచ్చు, మొదటి పీరియడ్ అంతా లైబ్రరీలో కూర్చోవడం ఇంకొకటి, తరగతిలో చేయెత్తి ఒక ప్రశ్న అడగడం మరొకటి కావచ్చు.

"మాటలతో తగ్గుతుందా" అన్నదానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. 2008లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల వయసున్న 488 మంది పిల్లలపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. పన్నెండు వారాల తర్వాత, కేవలం థెరపీ పొందినవారిలో దాదాపు 60 శాతం మందికి, సెర్ట్రలిన్ అనే మందు మాత్రమే వాడినవారిలో సుమారు 55 శాతం మందికి, రెండూ పొందినవారిలో సుమారు 81 శాతం మందికి బాగా మెరుగుపడింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో అది దాదాపు 24 శాతమే. అంటే థెరపీ పనిచేస్తుంది, అయితే అందరికీ అదొక్కటే సరిపోదు. కాబట్టి మూడు నెలలయ్యాక ఎక్కడున్నామని లెక్క చూసుకోవడం అపనమ్మకం కిందకు రాదు. మొదటి కొన్ని వారాలు పరిచయానికి, నమ్మకానికే సరిపోతాయి. భయాన్ని ఎదుర్కొనే మెట్లు మొదలైనప్పుడు లక్షణాలు కొంతకాలం పెరగడం కూడా తరచూ చూస్తుంటాం. ఇప్పుడే ఆపేస్తే, కష్టమైన భాగాన్ని చూసి ఫలితం వచ్చే భాగానికి ముందే తిరిగివచ్చినట్టు అవుతుంది.

జవాబు: ఇద్దరు పిల్లల నాన్న

చిన్నారిమనసు గారు చెప్పిన చివరి మాటలకు ఇంటి వైపు నుంచి నా అనుభవం జోడిస్తాను. మా చిన్నవాడు తొమ్మిదేళ్ల వయసులో మమ్మల్ని వదిలి ఒక గదిలో నుంచి ఇంకో గదిలోకి కూడా ఒంటరిగా వెళ్లేవాడు కాదు. రాత్రి పడుకునే ముందు "నాన్నా, తలుపు గడియ వేశావా?" అని అడిగేవాడు. వేశానని చెబితే ఐదు నిమిషాల తర్వాత మళ్లీ అడిగేవాడు. నేను లేచి వెళ్లి గడియ చప్పుడు చేసి చూపించేవాడిని, వాడి పక్కన పడుకునేవాడిని, ఆఫీసు నుంచి గంటగంటకూ ఫోను చేసేవాడిని. ప్రేమ ఉన్న ఏ తండ్రి అయినా అదే చేస్తాడు.

వాడు థెరపిస్టు గదిలోకి అడుగు పెట్టడానికే ఒప్పుకోలేదు. అప్పుడు ఆవిడ, సరే, బాబు రానక్కర్లేదు, మీరిద్దరూ రండి అన్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ అనే సైకాలజిస్టు రూపొందించిన ఒక పద్ధతి ఉందని, అందులో పిల్లలను కాక తల్లిదండ్రులనే సెషన్లకు పిలుస్తారని వివరించారు. పిల్లలకు నేరుగా ఇచ్చే థెరపీతో పోల్చి చూసినప్పుడు ఈ పద్ధతి ఏమీ తీసిపోలేదని 2020లో అచ్చయిన అధ్యయనం చెబుతోంది. అందులో 7 నుంచి 14 ఏళ్ల పిల్లల కుటుంబాలు 124 పాల్గొన్నాయి. పిల్ల ఒక గంట థెరపీలో ఉంటే, వారంలో మిగిలిన గంటలన్నీ ఇల్లు, బడి మధ్యే గడుస్తాయన్న సంగతి నాకు అప్పుడే బోధపడింది.

మొదట మేము చేసింది రాసుకోవడమే. వాడి భయం కోసం మేము రోజూ మార్చుకుంటున్న పనులన్నీ కాగితం మీద పెట్టాం. జాబితా చూసి నేనూ నా భార్యా చాలాసేపు మాట్లాడుకోలేదు. వాటిలోంచి ఒక్కటే ఎంచుకున్నాం: గడియ ప్రశ్నకు ఒక్కసారే జవాబు. ఆ సంగతి వాడికి ముందే, మధ్యాహ్నం ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఒక చిన్న ఉత్తరంగా రాసి చదివి వినిపించాం. "నీకు ఆ సమయంలో చాలా భయం వేస్తుందని మాకు తెలుసు. ఆ భయాన్ని నువ్వు తట్టుకోగలవని కూడా మాకు తెలుసు. అందుకని ఇవాళ్టి నుంచి ఒక్కసారే జవాబు చెబుతాం." ఇందులో మొదటి రెండు వాక్యాలూ కలిసి ఉండాలని థెరపిస్టు గట్టిగా చెప్పారు. మొదటిది లేకపోతే పిల్లలకు కాఠిన్యంలా వినిపిస్తుంది, రెండోది లేకపోతే, నిజమే, నీకు చేతకాదు అని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. మొదటి రాత్రులు చాలా కష్టంగా గడిచాయి. వాడు ఏడ్చాడు, కోప్పడ్డాడు, అమ్మను విడిగా అడిగి చూశాడు. మేము మార్చింది మా ప్రవర్తనను మాత్రమే. నువ్వు ఏడవకూడదు, అడగకూడదు అని వాడిని ఒక్క మాట అనలేదు. క్రమంగా రెండోసారి అడగడం తగ్గి, తర్వాత మొదటిసారి అడగడమూ మానేశాడు. అప్పుడు జాబితాలో తర్వాతి పనిని ఎంచుకున్నాం.

ఎదురుచూపు గారూ, మీరు రాసినదాంట్లో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. వెళ్లవద్దులే అన్న పావుగంటకు అమ్మాయి మామూలుగా తిరుగుతుందన్నారు కదా, మీ సైకాలజిస్టుతో కూర్చుని మాట్లాడవలసిన మొదటి విషయం అదేనని నాకు అనిపిస్తోంది. మీ అంతట మీరు రేపటి నుంచే కచ్చితంగా పంపించడం మొదలుపెట్టమని నేను అనడం లేదు. ఆ పావుగంటను ఏం చేయాలో వారితో కలిసి నిర్ణయించుకోండి, మీ దంపతులిద్దరూ ఒకే మాట మీద ఉండండి. అమ్మ ఒకటి, నాన్న ఒకటి చెబితే భయం ఆ సందులోంచే జొరబడుతుంది.

జవాబు: వానచినుకు

నేను తల్లిని కాను, ఆ మూసిన తలుపుకు లోపలి వైపు కూర్చున్న పిల్లను. పదిహేనో ఏట కుంగుబాటుకు థెరపీ తీసుకున్నాను, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మీ అమ్మాయి "ఏం లేదు" అనడం గురించి ఒక మాట చెప్పాలనిపించింది.

గంటసేపు ఎంతో కష్టపడి కొన్ని సంగతులు చెప్పాక, బయటకు రాగానే ఎవరైనా ఏం మాట్లాడావని అడిగితే చెప్పడానికి శక్తి మిగలదు. మొదట్లో మా అమ్మ ప్రతిసారీ అడిగేది. దాంతో నాకు ఒక అలవాటు వచ్చింది: ఇంటికి వెళ్లాక అమ్మకు ఏం చెప్పాలో థెరపీ గదిలో కూర్చునే ఆలోచించేదాన్ని. కొన్నాళ్లకు అమ్మకు చెప్పదగిన విషయాలనే థెరపిస్టుకు కూడా చెప్పసాగాను. చెప్పకూడనివి ఎక్కడా చెప్పలేదు. నిజానికి సహాయం కావలసింది వాటికే. ఇది కనిపెట్టిన మా థెరపిస్టు నా అనుమతితో అమ్మతో మాట్లాడారు. ఆ తర్వాత అమ్మ అడిగే ప్రశ్న మారింది. "దారిలో పాటలు పెట్టనా, ఊరికే ఉందామా?" అని మాత్రమే అడిగేది. చాలా రోజులు ఊరికే ఉన్నాం. ఒకరోజు నేనే మాట్లాడటం మొదలుపెట్టాను, అమ్మ బండి నడుపుతూ, నా వైపు చూడకుండా వింది. ఎదురెదురుగా కూర్చుని చెప్పమంటే నేను చెప్పగలిగేదాన్ని కాదు.

ఇంకొక విషయం. ఈ థెరపిస్టు కంటే ముందు నేను వెళ్లిన ఇంకొకరు నాకు కుదరలేదు. నాకంటే కష్టాల్లో ఉన్న పిల్లల గురించి చెప్పి ధైర్యం తెచ్చుకోమనేవారు. ఆ గదిలోంచి బయటకు వచ్చాక నా బాధకు తోడు, బాధపడుతున్నందుకు సిగ్గు కూడా కలిసేది. థెరపీకి ఒప్పుకోని పిల్లలుంటారు, ఆ వ్యక్తికి మాత్రమే ఒప్పుకోని పిల్లలూ ఉంటారు. ఈ రెండింటి తేడా తెలియాలంటే పిల్లలనే అడగాలి. "ఆవిడ నీ మాట వింటున్నట్టు అనిపిస్తోందా? అనిపించకపోతే వేరేవారిని చూద్దాం" అని మీ అమ్మాయిని ఒకసారి అడగండి. లేదని చెప్పే స్వేచ్ఛ ఉందని తెలిస్తే, అవునన్న జవాబుకు కూడా విలువ ఉంటుంది. అలాగే, ఆమె థెరపీకి వెళ్తున్న సంగతి బంధువులకు చెప్పే ముందు ఆమె అనుమతి తీసుకోండి. నా విషయం నాకు తెలియకుండా ఎంతమందికి తెలుసో అన్న దిగులు నన్ను చాలాకాలం వెంటాడింది.

జవాబు: నల్లబల్ల

నేను ఒక పాఠశాలలో కౌన్సెలర్‌ను. పై సలహాలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. భయాన్ని మెట్లు మెట్లుగా ఎదుర్కోవడం అన్నది, ఎదురుగా నిజమైన ప్రమాదం లేనప్పుడు చేయవలసిన పని. బడిలో నిజంగానే ఎవరో వేధిస్తుంటే, ఒక ఉపాధ్యాయుడు అందరి ముందూ అవమానిస్తుంటే, తోటి పిల్లల ఫోను గ్రూపుల్లో ఆమె గురించి ఏదో తిరుగుతుంటే, ఓర్చుకోవడం నేర్పడం ఆమెకు అన్యాయం అవుతుంది. అక్కడ మారవలసింది బడి. అందుకని ముందుగా కారణం వెతకండి, అదీ "బడిలో ఏమైనా ఇబ్బందా?" అన్న పెద్ద ప్రశ్నతో కాదు, ఎందుకంటే దానికి "లేదు" అన్న జవాబే వస్తుంది. ఏ రోజున నొప్పి ఎక్కువ, ఏ పీరియడ్ దగ్గర పడుతుంటే గుండె దడదడ లాడుతుంది, భోజన విరామంలో ఎవరి పక్కన కూర్చుంటావు, బాత్రూముకు వెళ్లగలుగుతున్నావా, బస్సులో ఎలా ఉంటుంది అని విడివిడిగా, ఒక్కో రోజు ఒక్కటిగా అడగండి.

ఇది ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఒక విద్యార్థికి వారంలో రెండు రోజులే నొప్పి వచ్చేది. టైం టేబుల్ పక్కన పెట్టి చూస్తే, ఆ రెండు రోజులూ పాఠాన్ని పిల్లలతో గట్టిగా చదివించే పీరియడ్ ఉంది. నిపుణులతో పరీక్ష చేయిస్తే డిస్లెక్సియా, అంటే తెలివికి సంబంధం లేకుండా చదవడంలో వచ్చే ఇబ్బంది, అని తేలింది. అంతవరకు తెలివైన పిల్లవాడిగా అందరి కళ్లూ కప్పి నెట్టుకొచ్చాడు. అతనికి కావలసింది ఆందోళనకు చికిత్స కంటే ముందు, చదవడంలో ప్రత్యేక శిక్షణ, అందరి ముందూ చదవమని పిలవకపోవడం.

కారణం ఏదైనా, బడిని ఈ ప్రణాళికలోకి తీసుకురావాలి. మీ అనుమతితో పాటు అమ్మాయి అంగీకారం కూడా తీసుకుని సైకాలజిస్టు బడితో మాట్లాడవచ్చు. ఏ విషయాలు చెప్పవచ్చు, ఏవి చెప్పకూడదు అన్నది ముందే రాతపూర్వకంగా అనుకోవడం మంచిది. మేము సాధారణంగా చేసే ఏర్పాట్లు చాలా చిన్నవి. పొద్దున గేటు దగ్గర ఆమెకు నచ్చిన ఒక టీచరు ఎదురు వస్తారు. మానిన రోజుల హోంవర్కు అంతా ఒకేసారి మీద పడకుండా చూస్తాం. తరగతిలో ఊపిరి ఆడనట్టు అనిపిస్తే, నోటితో అడగనక్కర్లేకుండా ఒక కార్డు చూపించి బయటకు వచ్చి పది నిమిషాలు కూర్చునే చోటు ఇస్తాం. అక్కడి నుంచి తిరిగి వెళ్లేది తరగతికే, ఇంటికి కాదు. బడికి దూరమైన కాలం పెరిగే కొద్దీ తిరిగి రావడం కష్టమవుతుంది కనుక, పూర్తి రోజు కుదరకపోతే రెండు పీరియడ్లైనా రావడం మేలు.

మందుల సంగతి కూడా మీరు అడిగారు. అది సైకియాట్రిస్టు చూసి నిర్ణయించవలసిన విషయం. టీనేజీ కుంగుబాటుపై 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, పన్నెండు వారాల వద్ద ఫ్లుయోక్సెటిన్ అనే మందూ థెరపీ కలిపి పొందినవారిలో 71 శాతం మందికి, థెరపీ ఒక్కటే పొందినవారిలో 43 శాతం మందికి మెరుగుపడింది. అయితే 36 వారాలు గడిచేసరికి థెరపీ మాత్రమే పొందినవారు కూడా 81 శాతానికి చేరారు. అంటే మందు కోలుకోవడాన్ని త్వరపరచగలదు. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఈ తరగతి మందులు కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చని హెచ్చరికను తప్పనిసరి చేసింది. భయపడి మందును నిరాకరించమని దీని అర్థం కాదు. మొదటి వారాల్లో డాక్టరు తరచూ చూడాలని, మందును మనంతట మనం మొదలుపెట్టడం గానీ ఉన్నట్టుండి ఆపడం గానీ చేయకూడదని అర్థం.

అడిగినవారు: ఎదురుచూపు

అందరికీ నమస్కారం. ఇంత ఓపికగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. సైకాలజిస్టుకు ఫోను చేసి, మాటలు కాదు, చికిత్స సాగే దారి గురించి మాట్లాడాలని అడిగాం. వారు అందుకే ఎదురుచూస్తున్నట్టు వెంటనే సమయం ఇచ్చారు, అమ్మాయికి ఆ సమావేశం గురించి ముందే చెప్పమన్నారు. నల్లబల్ల గారు చెప్పినట్టు ఒక్కో ప్రశ్నే అడుగుతున్నాను. బస్సు గురించి అడిగినప్పుడు సమాధానం రావడానికి కాస్త ఆలస్యమైంది. ఒత్తిడి చేయలేదు, అది సైకాలజిస్టుకు చెబితే బాగుంటుందని మాత్రం అన్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఇంట్లో ఉండిపోయిన రోజున ఫోను, టీవీ ఇవ్వాలా వద్దా? ఇంకొకటి, వేచి చూడకుండా వెంటనే పరుగెత్తవలసిన సూచనలు ఏమిటి?

జవాబు: చిన్నారిమనసు

బస్సు ప్రశ్న దగ్గర మీరు ఆగిన తీరు చాలా బాగుంది. సమావేశంలో మీరు ఆ విషయాన్ని సైకాలజిస్టుకు చెప్పవచ్చు. గోప్యత వల్ల అమ్మాయి మాటలు ఆవిడ మీకు చెప్పరు గానీ, మీరు గమనించినది ఆవిడకు చెప్పడానికి అడ్డు లేదు. చెప్పబోతున్నారని అమ్మాయికి తెలిస్తే చాలు.

ఫోను విషయంలో సూత్రం సులభం, పాటించడం కష్టం. బడి వేళల్లో ఇల్లు బడి కంటే ఆకర్షణీయంగా ఉండకూడదు. ఇది శిక్షగా అనిపించకూడదు కనుక కోపంలో ఉన్నప్పుడు కాక, ముందే, ఒక సెలవు రోజున చెప్పాలి: ఇంట్లో ఉన్న రోజున లేచే సమయం మారదు, బడి ముగిసే వేళ దాకా ఫోను, టీవీ ఉండవు, పాఠ్యపుస్తకాలు, కథల పుస్తకాలు ఉంటాయి, బడి వేళ ముగిశాక అన్నీ మామూలే. నిజంగా జ్వరం వచ్చిన రోజుకు ఇది వర్తించదు. ఏది జ్వరం, ఏది కాదన్న వాదన రోజూ రాకుండా థర్మామీటరు అంకె ఒకటి ముందే అనుకోండి.

వెంటనే కదలవలసిన సూచనల గురించి. చావు గురించి మాట్లాడటం, రాయడం, వెతకడం, ఒంటి మీద కోతలు, కాల్చుకున్న మచ్చలు, ఎండలో కూడా పొడుగు చేతుల బట్టలు విప్పకపోవడం, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెట్టడం, తిండి బాగా తగ్గి బరువు పడిపోవడం, ఇతరులకు వినపడని మాటలు వినపడుతున్నాయనడం, ఎంతో దిగులుగా ఉన్న పిల్ల ఏ కారణమూ లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారడం. వీటిలో ఏది కనిపించినా తర్వాతి సెషన్ దాకా ఆగవద్దు. సైకాలజిస్టుకు అదే రోజు చెప్పండి, ప్రాణభయం ఉందనిపిస్తే నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి, ఆమెను ఒంటరిగా వదలవద్దు, ఇంట్లోని మందులు, పురుగుమందులు, పదునైన వస్తువులు తాళం వేసిన చోట పెట్టండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి తల్లిదండ్రులు వెనకాడుతారు, ఆ మాట మనమే నోట పెట్టినట్టవుతుందేమోనని. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామంది పిల్లలు ఎవరో ఒకరు అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు.

సమావేశానికి వెళ్లినప్పుడు ముగింపు గురించి కూడా అడగండి. మంచి థెరపీ ఒక్కసారిగా ఆగిపోదు. వారానికొకసారి ఉన్నది పదిహేను రోజులకు, తర్వాత నెలకు ఒకసారికి మారుతుంది. పెద్ద సెలవుల తర్వాత, బడి మారినప్పుడు, జబ్బు చేసి కొన్నాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు పాత భయం మళ్లీ తలెత్తడం సహజం. అప్పుడు ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో, ఎవరికి ఫోను చేయాలో అమ్మాయి చేతే ఒక కాగితం మీద రాయించి ఉంచమని సైకాలజిస్టును అడగండి. సెలవుల చివరి వారంలో బడి రోజుల్లాగే లేవడం, ఒక రోజు ఆ బస్సు ఎక్కే చోటు దాకా నడిచి రావడం కూడా అందులో చేర్చించండి.